సొంత ఖర్చుతో వేసుకున్న తెలుగు పుస్తకం: మొదటి 300 కాపీలు పాఠకుల చేతికి చేర్చే పద్ధతి

“అన్నా, పుస్తకం అచ్చయింది, కట్టలు ఇంటికొచ్చాయి. ఇప్పుడెట్లా అమ్మాలి?” అని నెలకొకరైనా ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ముందే ఒక మాట. ఆ ఫోన్ కట్టలు దిగాక చేసేది కాదు, అచ్చుకు మూడు నెలల ముందు చేయాల్సింది.

నా మొదటి కథల పుస్తకం 1,000 కాపీలు వేశాను. “వెయ్యికైతే రేటు బాగా పడుతుంది సార్” అన్నారు ప్రెస్సులో. రేటు బాగానే పడింది. ఇప్పటికీ మంచం కింద నాలుగు కట్టలున్నాయి, ఇల్లు మారినప్పుడల్లా అవీ లారీ ఎక్కుతాయి. మూడో పుస్తకం 300 వేశాను, ఐదు నెలల్లో అయిపోయింది. ఈ మధ్యలో నా రాత ఏమంత మారలేదు. అచ్చుకు ముందు ఒక నోటుబుక్కు కొని, ఈ పుస్తకం ఎవరు చదువుతారో పేరు పేరునా రాసుకున్నాను, అంతే తేడా.

కింద చెప్పేదంతా ఆ నోటుబుక్కు చుట్టూనే తిరుగుతుంది. కథలు, కవిత్వం, నవల, వ్యాసాలు, జ్ఞాపకాలు వేసుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది. పోటీ పరీక్షల పుస్తకాల వ్యాపారం వేరు, దాని జోలికి పోవడం లేదు.

## 1. ముందు క్యాలెండరు చూడండి

తెలుగు పుస్తకాలకు అసలు సీజను చలికాలం. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరు రెండో సగంలో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతాయి. ఈ రెండింటికీ మీ పుస్తకం కొత్తగా, అప్పటికే నలుగురి నోళ్ళలో నానుతూ ఉండాలంటే నవంబరు మొదటివారానికి చేతిలో ఉండాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

- ఆగస్టు: పేర్ల జాబితా, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) దరఖాస్తు, అట్ట గురించి ఆర్టిస్టుతో మాట్లాడటం
- సెప్టెంబరు: కనీసం రెండు ప్రూఫులు, అందులో ఒకటి మీరు కాని మనిషి చూడాలి
- అక్టోబరు: ముందస్తు ఆర్డర్లు, నెలాఖరుకు అచ్చు
- నవంబరు: పార్శిళ్ళు, సమీక్ష ప్రతులు
- డిసెంబరు, జనవరి: ప్రదర్శనలు

మార్చి, ఏప్రిల్‌లో విడుదల పెట్టుకోకండి. పిల్లల పరీక్షలు, ఆ వెనకే ఎండలు, పెళ్ళిళ్ళు. పిలిస్తే వస్తామంటారు, రారు. వాళ్ళ తప్పూ కాదది.

## 2. నోటుబుక్కు: పేర్ల జాబితా

“మీ పుస్తకం ఎవరికోసం?” అంటే చాలామంది “తెలుగు చదవగలిగిన అందరికీ” అంటారు. ఆ ‘అందరి’ ఫోన్ నంబర్లు ఎవరి దగ్గరా లేవు. పేజీకి నాలుగు గళ్ళు గీయండి: పేరు, ఫోను, ఊరు, ఈ పుస్తకం ఎందుకు చదువుతారు.

నాలుగో గడే ముఖ్యం. “మా బావమరిది” అన్నది కారణం కాదు. “చేనేత కుటుంబం, నా మూడు కథలు మగ్గాల మీదే” అన్నది కారణం. “మా జిల్లా మాండలికం ఇష్టం”, “పోయినసారి పుస్తకం చదివి ఫోన్ చేశారు”, “తెలుగు టీచరు, పిల్లలకు కథలు చదివి వినిపిస్తారు” ఇవన్నీ కారణాలే. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పేరు కొట్టేయండి. బాధగా ఉంటుంది, మా పెదనాన్నగారి పేరు నేనే కొట్టేశాను.

పేర్లు ఎక్కడ వెతకాలి?

- పత్రికల్లో మీ కథ వచ్చినప్పుడు ఫోన్ చేసినవాళ్ళు. ఆ నంబర్లు ‘రీడర్’ అని సేవ్ చేసుకునే అలవాటు ఈరోజే మొదలుపెట్టండి.
- ఫేస్‌బుక్‌లో మీ రాతల కింద రెండు వాక్యాలైనా రాసేవాళ్ళు. లైకు, దండం బొమ్మ పెట్టినవాళ్ళు లెక్కలోకి రారు.
- పుస్తకంలోని వస్తువుతో బతికే మనుషులు. రైల్వే నేపథ్యం నవలైతే రైల్వే ఉద్యోగులు, వాళ్ళ సంఘం, రిటైరైనవాళ్ళు. తెలుగు రచయితలు ఎక్కువగా వదిలేసే చోటు ఇదే. మనం రచయితలకే అమ్ముకుంటాం, వాళ్ళూ మనకే అమ్ముతారు, చివరికి కాపీలు చేతులు మారతాయి తప్ప పాఠకులు పెరగరు.
- లైబ్రేరియన్లు, కాలేజీ తెలుగు శాఖలవాళ్ళు.

కొంటామన్నవాళ్ళలో మూడో వంతు కొంటారని నా అనుభవం. 240 పేర్లు వస్తే 80 ఖాయమనుకోండి. దానికి షాపులకు పంపేవి, ప్రదర్శనలకు పెట్టేవి, ఉచితంగా ఇవ్వక తప్పనివి కలపండి. వచ్చిన సంఖ్యకు దగ్గరలో అచ్చు వేయండి. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో 100, 200 కాపీలు కూడా వేస్తున్నారు, అయిపోతే మళ్ళీ వేసుకోవచ్చు.

ఇంకొక చిన్న మెలిక. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఒకదానికి 256 మందే పడతారు, అదీ మీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. అందుకని పుస్తకం సంగతి చెప్పడానికి నెల ముందే ఒక్కొక్కరినీ పలకరించి, నంబరు సేవ్ చేసుకోమని అడగండి. అడక్కుండా గ్రూపులో పడేస్తే మాత్రం సగంమంది అదేరోజు బయటికి పోతారు, మిగతా సగం మ్యూట్‌లో పెడతారు.

## 3. అమ్మకం డీటీపీ దగ్గరే మొదలవుతుంది

ఐఎస్‌బీఎన్. మన దేశంలో ఇది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. ఆన్‌లైన్లో మీ పేరు మీదే, రచయితే ప్రచురణకర్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి వేలు అడిగేవాళ్ళకి ఇవ్వకండి. ఎప్పటికొస్తుందో మన చేతిలో ఉండదు కాబట్టి ప్రూఫులు నడుస్తుండగానే పెట్టేయండి. నంబరు వచ్చాక బార్‌కోడు వెనక అట్ట మీద, కింది మూల వేయించండి.

యూనికోడ్. ఫోన్లలో, ఇంటర్నెట్లో వాడే తెలుగు అక్షరాల పద్ధతి ఇది. ఇప్పటికీ అచ్చుకు పేజీలు తయారుచేసే చాలా డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పని. అచ్చుకు ఇబ్బంది లేదు. కానీ ఆ ఫైల్లోంచి ఒక పేరా తీసి ఫేస్‌బుక్‌లో పెట్టబోతే పిచ్చి అక్షరాలు వస్తాయి, ఈ-పుస్తకానికీ పనికిరాదు. మీరు మొదట టైపు చేసిన యూనికోడ్ కాపీ ఉంటే, ప్రూఫుల్లో దిద్దినవన్నీ అందులోనూ దిద్దుకోండి. నేను రెండో పుస్తకానికి ఇది చేయలేదు. ఏడాది తర్వాత ఈ-పుస్తకం కోసం మళ్ళీ మొదట్నుంచీ కన్వర్ట్ చేయించి, ఒత్తులూ వట్రసుడులూ వెతుక్కుంటూ నెల రోజులు కూర్చున్నాను.

వెనక అట్ట. రచయిత ఫొటో, పుట్టిన తేదీ, వచ్చిన సన్మానాలు, ఇదీ మనవాళ్ళ ఆనవాయితీ. స్టాల్లో పుస్తకం తిరగేసేవాడికి ఆ సన్మానాలతో పని లేదు. పుస్తకంలోంచే ఒక ఆరేడు వాక్యాలు వేయండి, చదివినవాడికి తర్వాతేమైందో తెలుసుకోవాలనిపించేవి. ఫొటో లోపలి పేజీకి పంపండి.

వెన్ను. బీరువాలో కనబడేది ఇదొక్కటే. డెమీ (మామూలు కథల పుస్తకాల) సైజులో 80 పేజీల పుస్తకానికి వెన్ను మీద అక్షరాలు పట్టవు, 120 దాటితే కొంచెం నయం. పేరు పెద్దగా వేయమని ఆర్టిస్టుకి చెప్పండి.

ముందుమాటలు. ఒకటి చాలు. నాలుగు ముందుమాటలంటే ఒక ఫారమంతా అవే. ఆ 16 పేజీల కాగితానికి డబ్బు మీరే కడుతున్నారు.

“ప్రతులకు” పేజీ. చాలా పుస్తకాల్లో ఇక్కడ ఇంటి అడ్రసు, ఎత్తని ల్యాండ్‌లైన్ నంబరు ఉంటాయి. దీన్నే మీ దుకాణంగా మార్చండి:

- వాట్సాప్ ఉన్న ఫోన్ నంబరు (పుస్తకాల కోసమే ఒక సిమ్ తీసుకుంటే మంచిది)
- యూపీఐ క్యూఆర్ కోడ్
- దొరికే షాపుల పేర్లు, ముందుగా వాళ్ళని అడిగి
- వెల, ముద్రణ నెల, సంవత్సరం, ప్రింటర్ పేరు

ప్రింటర్ పేరు ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

## 4. వెల: ఒక్కసారి కాగితం మీద లెక్క వేయండి

ఊరికే “పక్కవాళ్ళు 150 పెట్టారు, మనమూ 150” అనుకుంటే మునుగుతాం. ఉదాహరణకు డెమీ 160 పేజీలు, అంటే 10 ఫారాలు, 300 కాపీలు. కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవి, వాటి బదులు మీ ప్రెస్సు రేట్లు వేసుకోండి.

- కాగితం, అచ్చు, బైండింగు: కాపీకి 75 రూపాయలు, మొత్తం 22,500
- డీటీపీ, ప్రూఫు, అట్ట బొమ్మ: 15,000
- మొత్తం 37,500, కాపీకి 125 పడింది

వెల 200 పెట్టారనుకుందాం. షాపుకి 40 శాతం కమీషన్ పోతే మీకు వచ్చేది 120. అంటే షాపులో అమ్మిన ప్రతి కాపీకీ 5 రూపాయలు మీరే ఎదురు పెడుతున్నారు. అదే నేరుగా పోస్టులో పంపితే తపాలాకీ ప్యాకింగుకీ 34 పోయినా 166 మిగులుతుంది.

40 కాపీలు ఉచితంగా, 160 నేరుగా, 100 షాపుల ద్వారా పోతే చేతికొచ్చేది 38,560. ఖర్చు పోను 1,060 మిగిలింది. రచయితకి గంటకింత అని కూలీ లెక్కేస్తే నవ్వొస్తుంది గానీ, చేతి చమురు వదలకుండా బయటపడ్డట్టే. ఇంకో 20 కాపీలు మొహమాటానికి పంచిపెడితే ఆ వెయ్యీ పోయి పైన నష్టం కూడా. అందుకే మొహమాటానికి ముందే ఒక అంకె పెట్టుకోండి. నాది 40. నలభై ఒకటో మనిషి అడిగితే “ఫోన్‌పే చేస్తే రేపే పంపుతానండీ” అంటాను. నవ్వుతూనే అంటాను.

అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. వెల వేసేటప్పుడు దాని గురించి కంగారు అక్కర్లేదు.

## 5. ముందస్తు ఆర్డర్లు

అచ్చుకు ఇచ్చే ముందు మూడు వారాలు దీనికి పెట్టండి. డబ్బు ముందే రావడం కన్నా ఇందులో పెద్ద లాభం ఇంకొకటుంది: ఎన్ని వేయాలో తెలుస్తుంది.

మొదటి వారం, పుస్తకంలో మీకు బాగా నచ్చిన కథ పూర్తిగా పెట్టండి. సగం పెట్టి “మిగతాది పుస్తకంలో” అంటే చదివేవాళ్ళకి చిరాకు. పన్నెండు కథల్లో ఒకటి ఇచ్చేస్తే మునిగేదేమీ లేదు.

రెండో వారం అట్ట బయటపెట్టి, ఆర్డరు పద్ధతి చెప్పండి. గూగుల్ ఫారంలో పేరు, పిన్‌కోడ్‌తో సహా అడ్రసు, ఫోను, ఎన్ని కాపీలు, యూపీఐ చెల్లింపు నంబరు అడిగితే చాలు. ఇంతకన్నా ఎక్కువ అడిగితే మధ్యలో వదిలేస్తారు. ఫారాలు నింపడం రాని పెద్దవాళ్ళ కోసం వాట్సాప్ నంబరు కూడా ఇవ్వండి. నా పాఠకుల్లో సగానికి పైగా అరవై దాటినవాళ్ళే, వాళ్ళు అడ్రసు తెల్లకాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతారు. చక్కటి దస్తూరీ, పిన్‌కోడ్ మాత్రం ఉండదు.

మూడో వారం నోటుబుక్కు తీసి, ఒక్కొక్కరికీ విడిగా మెసేజి పెట్టండి. ఇందులో బద్ధకం పనికిరాదు. నాలుగో గడిలో రాసుకున్న కారణమే మెసేజి అవుతుంది. ఇలా:

“నమస్తే మేడమ్. పోయినేడు నా ‘బావి’ కథ చదివి మీ అమ్మగారి ఊరి సంగతి చెప్పారు, గుర్తుందా? అలాంటివే ఇంకో పదకొండు కథలతో పుస్తకం వస్తోంది. వెల 200, పోస్టు ఖర్చు నాదే. 25వ తేదీలోపు చెబితే మొదటి విడతలో సంతకం చేసి పంపుతాను.”

అందరికీ ఒకే ఫ్లెక్సీ లాంటి బొమ్మ పంపితే ఎవరికీ తమకు పంపినట్టు ఉండదు. ఒకసారి నేను అదీ చేశాను. 200 మందికి పంపితే వచ్చిన ఆర్డర్లు ఆరు, “శుభాకాంక్షలు” మాత్రం నూటికి పైనే.

అచ్చుకు ఇచ్చే ముందు చూసుకోండి:

- ఆర్డర్లు 60 దాటాయా? దాటకపోతే 200 కాపీలే వేయండి
- చెల్లింపులు, పేర్లు సరిపోలాయా
- ఎవరికైనా తేదీ మాట ఇచ్చారా? దానికి పది రోజులు కలిపి చెప్పారా? ప్రెస్సువాళ్ళ ‘ఎల్లుండి’ ఎప్పుడూ వారమే

## 6. ప్యాకింగు, పోస్టు

పుస్తకాలు చవగ్గా పోయే పాత బుక్‌పోస్టు సదుపాయం 2024 డిసెంబరులో ఆగిపోయింది. దాని తర్వాత 2025 మే 1 నుంచి తపాలా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ మొదలుపెట్టింది. విద్య, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకు ఇది వర్తిస్తుంది. మొదలైనప్పటి రేట్లు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది. నేల మార్గంలో వెళ్తుంది కాబట్టి కొంచెం ఆలస్యం. పుస్తకం మీద ప్రింటరు లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి, వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. ప్రింటర్ పేరు వేయించమన్నది ఇందుకే.

కౌంటర్లో కొందరికి ఈ సదుపాయం సంగతి తెలియక స్పీడ్‌పోస్టు రేటు కొడతారు. “జ్ఞాన్ పోస్ట్ కింద తీసుకోండి” అని పేరు పెట్టి అడగండి. లోపల ఉత్తరం గానీ కరపత్రం గానీ పెట్టాలనుకుంటే ముందు అక్కడే అడిగి పెట్టండి. నేను పెట్టను, రాయాలనుకున్న నాలుగు మాటలూ సంతకంతో పాటు మొదటి పేజీలోనే రాస్తాను.

ప్యాకింగులో ఎక్కువగా దెబ్బతినేది పుస్తకం మూలలు. ముందు పాలిథీన్ కవరు, దాని మీద రెండువైపులా పాత అట్టపెట్టె ముక్క, ఆపైన బ్రౌన్ కాగితం. వానాకాలంలో పాలిథీన్ మానొద్దు. రోజుకి పదిహేను పార్శిళ్ళకు మించి కట్టకండి, అలిసిపోతే అడ్రసులు తారుమారవుతాయి. నేను గుంటూరు పుస్తకం గుడివాడకీ, గుడివాడది గుంటూరుకీ పంపాను. ఇద్దరూ మంచివాళ్ళు, వాళ్ళే మార్చుకున్నారు.

పంపిన రోజే ట్రాకింగ్ నంబరు వాట్సాప్ చేయండి. పన్నెండు రోజుల్లో చేరకపోతే వాదించకుండా ఇంకో కాపీ పంపేయండి. 125 రూపాయలకి ఒక పాఠకుణ్ణి పోగొట్టుకోవడం దండగ.

చట్టప్రకారం పంపాల్సినవి కూడా ఈ విడతలోనే వేసేయండి. 1954 నాటి పుస్తక బట్వాడా చట్టం కింద ప్రతి ప్రచురణకర్తా పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమెరా గ్రంథాలయం, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకూ ఒక్కో కాపీ సొంత ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకున్నారు కాబట్టి ఇక్కడ ప్రచురణకర్త మీరే.

## 7. ఆవిష్కరణ సభ పెట్టాలా?

పెట్టి తీరాలని లేదు. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీ, టిఫిన్లు, హాలు అద్దె అన్నీ కలిపితే ఒక్కోసారి అచ్చు ఖర్చు దాటుతుంది. వేదిక మీద తొమ్మిది మంది, కింద ముప్పై మంది. ఆ ముప్పైలో ఇరవై మంది వేదిక మీదివాళ్ళతో వచ్చినవాళ్ళు. ఒక్కొక్కరూ ఇరవై నిమిషాలు మాట్లాడతారు, పుస్తకం చదివి వచ్చింది ఒకరో ఇద్దరో. చివరికి పుస్తకాలు ‘సభికులకు ఉచితం’.

సభ కావాలనుకుంటే ఇలా చేయండి. హైదరాబాద్‌లో లామకాన్, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, విశాఖలో పౌర గ్రంథాలయం, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల సాహిత్య సభలకు అలవాటుపడిన శ్రోతలుంటారు. మీ ఊళ్ళో లైబ్రరీ హాలైనా చాలు.

- వక్తలు ముగ్గురే. ముగ్గురికీ నెల ముందు పుస్తకం ఇవ్వాలి
- ముగ్గురిలో ఒకరు రచయిత కాకూడదు. నా మూడో పుస్తకం సభలో ఒక బస్సు కండక్టరు మాట్లాడారు, ఆరోజు అమ్ముడైన కాపీల్లో ఎక్కువ ఆయన మాటల వల్లే
- పది నిమిషాలు మీరే ఒక కథ చదవండి
- తలుపు దగ్గర బల్ల, దాని మీద క్యూఆర్ కోడ్, చిల్లర, డబ్బు లెక్క తెలిసిన ఒక మేనల్లుడు
- సభ గంటన్నరలో ముగియాలి. ఆఖరి బస్సు వేళ దాటితే ఎవరూ బల్ల దగ్గర ఆగరు

## 8. సమీక్షలు

పత్రికలు సాధారణంగా రెండు కాపీలు అడుగుతాయి. ఆంధ్రజ్యోతి ‘వివిధ’ లాంటి దినపత్రికల సాహిత్య పేజీలకు రోజూ పుస్తకాలు వచ్చి పడుతుంటాయి, చోటు వారానికి ఒక పేజీ. వేయలేదని అలగకండి. రెండు నెలల తర్వాత ఒక్కసారి మర్యాదగా గుర్తు చేయొచ్చు. రెండోసారి వద్దు.

ఈమాట, సారంగ, సంచిక లాంటి వెబ్ పత్రికల్లో సమీక్ష వస్తే దానికి ఒక సౌకర్యం ఉంది. ఏడాది తర్వాత కూడా వెతికేవాళ్ళకి దొరుకుతుంది, లింకు పంపొచ్చు. కాకపోతే అక్కడా సంపాదకుడికి పుస్తకం పంపి కూర్చుంటే లాభం లేదు. పుస్తకం నచ్చిన పాఠకుణ్ణి ఒకరిని రాయమని అడిగి, ఆ వ్యాసాన్ని వాళ్ళ చేతే పంపించండి.

నా లెక్కలో అన్నిటికన్నా పనిచేసేది పాఠకుడు సొంతంగా పెట్టే ఫేస్‌బుక్ పోస్టు. పార్శిలు చేరిన మూడు వారాలకి ఫోన్ చేసి “ఏ కథ దగ్గర ఆగిపోయారు?” అని అడగండి. “ఎలా ఉంది?” అంటే “చాలా బాగుందండీ” అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. ఆగిన చోటు అడిగితే మనసులో మాట చెబుతారు. చెప్పాక, “ఇదే నాలుగు లైన్లు ఫేస్‌బుక్‌లో రాయగలరా, బాగా లేదన్నదీ రాయండి” అనండి. లోపం కూడా రాసిన పోస్టు చూసి కొన్నవాళ్ళు నాకు తెలుసు. పొగడ్తల పోస్టు చూసి కొన్నవాళ్ళు తక్కువ.

## 9. షాపులు, ఆన్‌లైన్ దుకాణాలు

హైదరాబాద్ కాచిగూడలో నవోదయ, విజయవాడలో సాహితి, ఆన్‌లైన్లో లోగిలి వంటివి తెలుగు పుస్తకాలు కొనేవాళ్ళు ముందుగా చూసే చోట్లు. కమీషన్ 40 శాతం అటూ ఇటూ, కొన్నిచోట్ల 50 దాకా. అమ్మాకే డబ్బు. ఇదంతా ముందే తెలిసి ఇవ్వండి.

- ఒక్కో చోట 10 కాపీలతో మొదలుపెట్టండి, 50 కుమ్మరించకండి
- కాపీల సంఖ్య, కమీషన్, తేదీ రాసి సంతకం తీసుకోండి, చిన్న చీటీ మీదైనా సరే
- మూడు నెలలకోసారి లెక్క అడగండి. అడగనివాడికి లెక్క రాదు
- మిగిలినవి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో మొదటిరోజే మాట్లాడుకోండి

నా మొదటి పుస్తకం 60 కాపీలు ఒక పంపిణీదారుకి నోటిమాట మీద ఇచ్చాను. రెండేళ్ళ తర్వాత ఆయన “ఎవరి పుస్తకం సార్ అది?” అని నన్నే అడిగారు. చీటీ లేదు కాబట్టి నా దగ్గరా జవాబు లేదు.

అమెజాన్లో మీరే అమ్మకందారుగా చేరొచ్చు. అక్కడ ఫీజులు, రవాణా అన్నీ కలిపి చూసుకుంటే 200 రూపాయల పుస్తకానికి పెద్దగా మిగలదు. అయినా పేరు కొట్టి వెతికేవాళ్ళకి కనబడుతుంది కాబట్టి, ఐదారు కాపీలు పెట్టి ఉంచడం మంచిదే.

## 10. పుస్తక ప్రదర్శనలు

ఒక్క పుస్తకం ఉన్న రచయితకి సొంత స్టాలు గిట్టదు. నలుగురైదుగురు కలిసి ఒకటి తీసుకోండి, లేదా తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో 20 కాపీలు పెట్టించండి.

కాపీలు పెట్టి ఇంటికి వచ్చేస్తే మాత్రం అవి అడుగునే ఉండిపోతాయి. శని, ఆదివారాలు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అక్కడే నిలబడండి. దారిన పోయేవాళ్ళని “సార్ నా పుస్తకం కొనండి” అని ఆపకండి. “ఏం చదువుతారండీ?” అని అడగండి. డిటెక్టివ్ నవలలు చదువుతానంటే, అవి ఏ స్టాల్లో ఉన్నాయో చెప్పి పంపండి. ఆయన తిరిగి వచ్చేటప్పుడు మీ దగ్గర ఆగుతాడు, చాలాసార్లు చూశాను. కొన్నవాళ్ళ పేరు, ఊరు, ఫోన్ నంబరు అడిగి నోటుబుక్కులో ఎక్కించండి.

## 11. విదేశాల్లో తెలుగువాళ్ళు, ఈ-పుస్తకం

అమెరికాకి ఒక పుస్తకం పోస్టులో పంపితే తపాలా ఖర్చు పుస్తకం వెలని మించిపోతుంది. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళే తల్లిదండ్రుల సూట్‌కేసులే మనకి కార్గో. ఆవకాయకి, సున్నుండలకి పోటీగా చోటు దొరకాలి మరి, ఐదు కాపీలకు మించి అడగకండి. అక్కడ ఒకే మనిషికి చేర్చి, ఆ ఊళ్ళో పంచమని చెప్పండి. డాలస్‌లో నెలనెలా జరిగే ‘నెలనెలా తెలుగు వెన్నెల’ లాంటి సదస్సుల్లో ఆన్‌లైన్ ప్రసంగానికి పిలుపు వస్తే ఒప్పుకోండి. అమెరికా తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభలు రెండేళ్ళకోసారి, అక్కడ జనం ఎక్కువే గానీ ఆ హడావుడిలో పుస్తకం చూసే తీరిక తక్కువ.

ఈ-పుస్తకానికి కినిగె లాంటి తెలుగు ఈ-పుస్తకాల సైట్లు చూడండి. అమెజాన్ వాళ్ళ ఈ-పుస్తకాల వేదిక కిండిల్ 2016లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలను తీసుకున్నప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు. ఆ దారిన వెళ్ళాలంటే ముందు మీరు వేసే నాటికి ఉన్న భాషల జాబితా చూసుకుని దిగండి. చదవలేని పెద్దవాళ్ళకీ, తెలుగు మాట్లాడటమే వచ్చిన పిల్లలకీ ఆడియో మంచి దారి. ఒక కథ మీరే చదివి, ఫోన్లో రికార్డు చేసి, యూట్యూబ్‌లో పెట్టి చూడండి. ఫ్యాను ఆపేసి రికార్డు చేయండి, మిగతాదంతా తర్వాత నేర్చుకోవచ్చు.

## 12. ఆరు నెలల తర్వాత

ఇంట్లో ఎన్ని, షాపుల్లో ఎన్ని అని లెక్క తీయండి.

60 కన్నా ఎక్కువ మిగిలితే, నోటుబుక్కులో ఉన్న టీచర్లనూ లైబ్రేరియన్లనూ కదపండి. కాలేజీ లైబ్రరీలు ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు, అంటే ఫిబ్రవరిలో, కొనుగోళ్ళు తేల్చుకుంటాయి. ప్రభుత్వ గ్రంథాలయాలు పుస్తకాల కోసం ప్రకటన ఇచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి. డబ్బు ఆలస్యంగా వస్తుంది, దాన్ని నమ్ముకుని అప్పు మాత్రం చేయకండి.

20 కన్నా తక్కువ ఉంటే, ఇంకా అడుగుతున్నవాళ్ళ పేర్లు రాసుకుంటూ పోండి. ఆ పేర్లు 40 దాటాకే రెండో ముద్రణ, అదీ 100 కాపీలే. మొదటి కాపీ ఒకటి దగ్గర పెట్టుకుని పాఠకులు చెప్పిన అచ్చుతప్పులన్నీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి ఉంచితే డీటీపీలో ఒక పూట పని. తప్పులు మాత్రమే దిద్ది వేస్తే పాత ఐఎస్‌బీఎన్ చాలు, రెండో ముద్రణ అని నెల, సంవత్సరం వేయించండి. కథలు కలిపితే, తీసేస్తే అది కొత్త కూర్పు, కొత్త నంబరు తీసుకోవాలి.